శనివారం టెర్మిన్

"తొమ్మిది గంటల టెర్మిన్ నాది," అంది అక్షయ, జర్మన్‌లో.

"నాది," అన్నాడు అతను, అంతకన్నా అధ్వానమైన జర్మన్‌లో.

"నా దగ్గర ఈమెయిల్ ఉంది."

"నా దగ్గర కూడా ఉంది."

ఇద్దరూ ఫోన్లు తీసి గేటు ముందు ఒకరికొకరు చూపించుకున్నారు. మధ్యలో మీటరున్నర దూరం పాటించాలి కాబట్టి ఎవరి ఫోన్లో ఏముందో రెండోవాళ్ళకి కనబడలేదు.

అది రెండు వేల ఇరవై ఒకటి, జనవరి నెలాఖరు. డెగ్గెన్‌డార్ఫ్ ఊరు అయిపోయి కొండ మొదలయ్యే చోట టియర్‌హైమ్ ఉంది. యజమానులు లేని కుక్కల్నీ పిల్లుల్నీ ఉంచే ఆశ్రమం అది. లాక్‌డౌన్‌లో లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నవాళ్ళకి గేటు దగ్గరే కుక్కను అప్పగిస్తారు. తిప్పి తీసుకొచ్చి మళ్ళీ గేటు దగ్గరే ఇచ్చేయాలి. దుకాణాలు మూత, కేఫ్‌లు మూత, ఇంట్లోంచి బయటికి రావాలంటేనే ఏదో ఒక కారణం ఉండాల్సిన రోజులు. కుక్కను తిప్పడం పోలీసులు కూడా ఒప్పుకునే కారణం. అందుకే శనివారం పొద్దుట టెర్మిన్ దొరకడం మాటలు కాదు. అక్షయ మూడు వారాలు ఎదురుచూసింది.

అతను పక్కకి తిరిగి మాస్కులోపల గొణుక్కున్నాడు. "పొద్దున్నే ఎక్కడ దొరికిందిరా బాబూ ఈవిడ."

అక్షయ ఫోన్ జేబులో పెట్టుకుంది. "ఏందండీ, మళ్ళొకసారి అనండి."

టోపీకీ మాస్కుకీ మధ్య అతని కళ్ళు పెద్దవయ్యాయి. "తెలుగాండీ మీరు?"

"కరీంనగర్. మీరేమన్నరో మొత్తం సమజైంది."

"అది మిమ్మల్ని కాదండి."

"ఇక్కడ ఇంకో ఆవిడెవరున్నరు?"

ఎవరైనా వచ్చి కాపాడతారేమోనని అతను గేటు లోపలికి చూశాడు. ఆశ్రమం చూసుకునే ఫ్రావ్ ఐగ్నర్ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో రెండు పట్టీలు, వాటి చివర రెండు కుక్కలు.

"ఇద్దరూ వచ్చారా, మంచిది," అంది ఆమె. "ఇద్దరికీ నేనే ఇచ్చాను. వీటికి ఇద్దరు మనుషులు కావాలి."

ముందున్న గోధుమరంగు కుక్క పేరు రోజీ. ఆగకుండా లాగుతోంది. వెనక నల్లది ఓట్టో, దానికి రెండు కళ్ళూ కనబడవు. రోజీ పొట్టకి తన చెవి ఆనించి నడుస్తుంది, ఆ ఆనిక పోతే అక్కడే కూలబడి ఏడుస్తుంది. వాటిని పెంచిన ముసలాయన, పాత పోస్ట్‌మాన్, డిసెంబర్‌లో కరోనాతో పోయాడు. రెంటినీ కలిపి తీసుకెళ్ళేవాళ్ళు ఇంతవరకు దొరకలేదు. రెండూ ముసలివే.

"రెండు ఇళ్ళవాళ్ళు ఇద్దరు కలిసి నడవచ్చు, రూల్ ఒప్పుకుంటుంది," అని ఫ్రావ్ ఐగ్నర్ చెరో పట్టీ అందించింది. "పైగా మీ ఇద్దరికీ ఒకే భాష ఉన్నట్టుంది. దెబ్బలాడుకోవడానికైనా పనికొస్తుంది."

అలా మొదలైంది.

అతని పేరు విశ్వతేజ. అమలాపురం దగ్గర పల్లె. పాడర్‌బోర్న్‌లో ఎమ్మెస్ చేసి, అక్టోబర్‌లో ఇక్కడి కాలేజీ ల్యాబులో ఇంజనీరుగా చేరాడు. చేరిన రెండు వారాలకే అందరినీ ఇళ్ళకి పంపించేశారు. ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు స్పెయిన్ కుర్రాళ్ళు క్రిస్మస్‌కి వెళ్ళి మరి రాలేదు.

"మా టీమ్‌లో ఆరుగురున్నారండి," అన్నాడు, రోజీ ఈడ్చుకుపోతుంటే మంచులో జారుతూ. "రోజూ మాట్లాడుకుంటాం. నేను పొడుగో పొట్టో ఒక్కరికీ తెలీదండి."

అక్షయకి నవ్వొచ్చింది. మాస్కు ఎప్పుడో గడ్డం కిందికి దిగిపోయింది కాబట్టి నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకోవాల్సి వచ్చింది. "మీడియం," అంది.

"అదే ఆళ్ళకి మెయిల్ పెడతానండి."

కొంతదూరం పోయాక, పైనుంచి సన్నగా మంచు రాలుతుంటే, అతను మామూలుగానే అడిగాడు. "మీరు ఒక్కరే ఉంటారాండి ఇక్కడ?"

"లేదు. మా ఆయన ఉన్నరు," అంది అక్షయ. "ఇందాక కారుల దింపిపోయింది ఆయననే."

"అవునాండి," అన్నాడతను. అప్పటినుంచి ఇంకో అడుగు దూరం జరిగి నడిచాడు.

ఆమెను కారులో ఎవరూ దింపలేదు. బస్సులో వచ్చింది. ఆయన ఉన్న మాట నిజమే కాని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నాడు, ఆమెకేమీ కాడు. నాలుగేళ్ళ కిందట పెళ్ళై ఆయన వెంట ఈ ఊరొచ్చింది. రెండేళ్ళకే ఇద్దరికీ ఒకే గదిలో ఊపిరాడకుండా అయింది. విడాకుల కాగితం వచ్చేనాటికి ఆమెకి భాష వచ్చింది, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగం వచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు, ఆమె ఉండిపోయింది. ఊళ్ళో పది తెలుగు కుటుంబాలు ఉండేవి. ఎవరూ ఆమెతో పోట్లాడలేదు. పుట్టినరోజులకి పిలవడం మాత్రం మానేశారు, అక్కడికి అందరూ జంటలుగా వస్తారు కదా. వాళ్ళలో ఒకాయన మాత్రం మానలేదు. "ఒంటరిగా ఉన్నారు, ఏదైనా హెల్ప్ కావాలంటే మొహమాటపడొద్దు" అని వారం వారం మెసేజ్ పెట్టేవాడు. తర్వాత తర్వాత ఆ హెల్ప్ ఏమిటో కూడా రాయడం మొదలుపెట్టాడు. ఆ నంబర్ బ్లాక్ చేసిన రోజునుంచి, కొత్త తెలుగువాళ్ళు ఎవరు ఎదురైనా 'మా ఆయన' అన్న మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసేది.

ఒకసారి అనేస్తే అయిపోయేదే. కాని మరుసటి శనివారం కూడా ఫ్రావ్ ఐగ్నర్ ఇద్దరికీ కలిపే టెర్మిన్ ఇచ్చింది. ఆ పై శనివారం కూడా.

"సార్ ఏం చేస్తారండి?" అని అడిగాడు విశ్వతేజ రెండోవారం.

"ఎవరు సార్?"

"మీవారండి."

"ఆ... ఐటీ. ఇంట్ల నుంచే."

"శనివారాలు కూడానాండి?"

"అమెరికా క్లయింట్."

మూడోవారం అతను గేటు దగ్గర ఒక సంచీ అందించాడు. అందులో రెండు ప్లాస్టిక్ డబ్బాలు. "శుక్రవారం పులిహోర చేస్తానండి. ముగ్గురికి వండటం అలవాటైపోయింది, ఆళ్ళిద్దరూ లేరు. ఒకటి మీకు, ఒకటి సార్‌కి."

ఆరోజు ఆకాశం పసుపుపచ్చగా ఉంది. సహారా ఎడారి దుమ్ము గాలికి కొట్టుకొచ్చి బవేరియా అంతా కమ్మేసిందని రేడియోలో చెప్పారు. కొండ మీది మంచు కూడా టీ పొడి చల్లినట్టు ఎర్రబారింది. రోజీ ముక్కు ఆనించి వాసన చూసి తుమ్మింది.

"మన ఇళ్ళకి ఎవరూ రాకూడదు," అన్నాడు విశ్వతేజ. "అంత దూరం నుంచి ఇసక మాత్రం వచ్చేసిందండి. టెర్మిన్ కూడా తీసుకోలేదు."

ఆ సాయంత్రం అక్షయ ఒక డబ్బా తింది. ఆదివారం 'సార్ డబ్బా' తింది. చింతపండు, ఇంగువ, నూనెలో వేగిన పల్లీలు. ఆ ఇంట్లో ఇంకొకరి చేతివంట తిని ఏడాదిన్నర అయింది. రెండో డబ్బా అయిపోవచ్చాక మెల్లగా తింది, ఒక్కో పల్లీ.

"సార్‌కి నచ్చిందాండి?" అన్నాడు తర్వాతి వారం.

నచ్చిందంటే ఇంకా పెంచుతాడేమోనని, సార్ గురించి ఇంకేమైనా అడుగుతాడేమోనని ఆమెకి కంగారు. ఏదో ఒకటి చెప్పాలి. "బాగుందన్నరు. పల్లీలే ఆయనకు పడవు."

"అయ్యో. చెప్పాలి కదండి."

ఆ వారం నుంచి రెండు డబ్బాల్లోనూ పల్లీలు లేవు. ఆమె ఆడిన అబద్ధానికి ఆమే పల్లీలు లేకుండా పులిహోర తింది.

వారమంతా ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. శుక్రవారం నాలుగింటికి మీటింగ్ అయ్యాక లాప్‌టాప్ మూస్తే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే. కరీంనగర్ నుంచి అమ్మ సుభద్ర ఫోన్ చేసి, "తిన్నవా బిడ్డా" అనేది. ఇరుగుపొరుగుకి అల్లుడు బాగున్నాడని చెప్పుకుంటోందని అక్షయకి తెలుసు. అమ్మని ఏమీ అనేది కాదు. తనేం చేస్తోంది గనక.

ఇదివరకు వారాలన్నీ ఒకేలా గడిచేవి. ఇప్పుడు గురువారం రాగానే శనివారం వాతావరణం ఎలా ఉంటుందో చూసుకునేది. కొత్త బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. శనివారం ఇంటికొచ్చాక తలుపు మూసి, బూట్లు విప్పకుండా కాసేపు అలాగే నిలబడేది. కొండమీద మాట్లాడిన మాటలన్నీ ఇంకా చెవుల్లో ఉండగానే గది నిశ్శబ్దం వచ్చి మీద పడేది. అదివరకు లేని కష్టం అది. నిజం చెప్పేస్తే సరిపోతుంది అని ప్రతి శనివారం బస్సులో అనుకునేది. చెబితే ఏమవుతుంది? ఈ మనిషి కూడా ఆ మెసేజ్‌ల మనిషిలా మారిపోతే? మారకపోయినా, డబ్బా ఒకటే తెస్తే, దూరం ఒక అడుగు తగ్గితే, అప్పుడు తను ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న దగ్గర బస్సు ఆగేది, దిగిపోయేది.

మార్చి రెండో శనివారం పొద్దుట ఎండ కాసింది. ఆశ్రమం చూరు మీది మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి.

"ఇవాళ శిఖరం దాకా తీసుకెళ్ళండి," అంది ఫ్రావ్ ఐగ్నర్. "పోస్ట్‌మాన్ బతికుండగా ప్రతి ఆదివారం వెళ్ళేవి. పోనురానూ ఆరు గంటలు. నాలుగింటికల్లా వచ్చేయండి, పైన వాతావరణం మాట మీద నిలబడదు."

రెండు గంటలు ఎండలో ఎక్కారు. కింద డొనావు నది తెల్లటి పొలాల మధ్య రిబ్బనులా పడి ఉంది. అడవిలోకి వెళ్ళగానే వాన తుంపర, అది దాటగానే మళ్ళీ ఎండ, ఆ వెంటనే పొగమంచు. ఫర్ చెట్లు ఒక్కొక్కటే పొగలోంచి ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి పోతున్నాయి. రోజీకి దారి గుర్తొచ్చి లాగడం మానేసింది, బుద్ధిగా నడుస్తోంది. ఓట్టో దాని పొట్టకి చెవి ఆనించి, తోక పైకెత్తి.

విశ్వతేజ ఆరోజు జోకులేమీ వెయ్యలేదు. అక్షయే మాట్లాడించింది.

"ఏంది, ఇయ్యాల మౌనవ్రతమా?"

"లేదండి."

"టీమ్ వాళ్ళు కనిపెట్టిన్రా, మీడియం అని?"

"లేదండి."

శిఖరం అంటే కొన్ని పెద్ద బండలు, ఒక చెక్క శిలువ, ఒక బల్ల. చుట్టూ ఏమీ కనబడలేదు, పాలలో నిలబడ్డట్టుంది. ఇద్దరూ బల్లకి చెరో చివర కూర్చున్నారు. అతను థర్మాస్ తీసి మూతలో టీ పోసి ఆమె వైపు జరిపాడు. జరిపి, కిందికి చూస్తూ అన్నాడు.

"వచ్చేవారం నుంచి నేను రానండి."

టీ ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు?"

"పనుందండి."

"శనివారమా?"

"ఆదివారం కూడానండి."

ఇంట్లో మొగుణ్ణి పెట్టుకున్న మనిషి, శనివారాలు ఎందుకు రావని పెళ్ళికాని అబ్బాయిని ఏమని అడుగుతుంది? "సరే," అంది. టీ తాగితే గొంతు కాలింది.

లేచి నాలుగడుగులు వేశారో లేదో గాలి మొదలైంది. అడవి మొత్తం ఒక్కసారి ఊగింది. మంచు కాదు, సగ్గుబియ్యం లాంటి గట్టి పలుకులు మొహాన కొడుతున్నాయి. ఎక్కడో దగ్గరలోనే ఒక కొమ్మ తుపాకీ పేలినట్టు ఫట్‌మని విరిగింది. రోజీ అదిరిపడి పక్కకి దూకింది. ఓట్టో చెవి గాల్లోకి పోయింది. ఆనిక కోసం తడుముకుంటూ రెండడుగులు వేసి, బండ అంచు దాటి కనబడకుండా పోయింది. అక్షయ చేతిలోంచి పట్టీ జారిపోయింది.

"ఓట్టో," అని అరిచింది. గాలి ఆ మాటని ఎటో తీసుకుపోయింది.

రోజీయే దాన్ని కనిపెట్టింది. బండల కింద మంచు గుంటలో, ముందుకాలు పొట్ట కిందికి ముడుచుకుని, ఓట్టో చిన్నగా మూలుగుతోంది. కాలు ముట్టుకుంటే కీచుమంది. నిలబెడితే పడిపోయింది.

విశ్వతేజ ఫ్రావ్ ఐగ్నర్‌కి ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది. శనివారం మధ్యాహ్నం అక్కడ ఆమె ఒక్కతే, నలభై జంతువులకి తిండి పెట్టే వేళ. టాక్సీకి చేస్తే, ఈ వాతావరణంలో కొండమీదికి రామన్నారు.

"సార్‌కి ఫోన్ చెయ్యండి," అన్నాడు గాలిలో గొంతు పెంచి. "రోడ్డు కిలోమీటరేనండి. పార్కింగ్ దాకా దీన్ని నేను మోసుకొస్తాను, అక్కడికి కారు తెమ్మనండి."

అక్షయ గ్లవ్ తీసింది. ఫోన్ పట్టుకుంది. పట్టుకుని అలాగే నిలబడింది.

"చెయ్యండి మరి. దీనికి చలేస్తోందండి."

"ఆయన లేరు."

"ఊళ్ళో లేరాండి?"

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

"రారు." పలుకులు కళ్ళలో పడుతున్నాయి, తుడుచుకోలేదు. "విడాకులైనయ్. ఏడాదిన్నర దాటింది. కారు లేదు, ఏం లేదు. నేను బస్సుల వస్త."

అతను మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఓట్టో తలని తొడ మీద పెట్టుకుని ఆమె వైపు చూశాడు. 

"మరి డబ్బాలు?"

"నేనే తిన్న. రెండూ."

"పల్లీలు?"

"నాకిష్టమే."

అతను నవ్వలేదు. లేచి జాకెట్ విప్పి నేలమీద పరిచాడు. ఇద్దరూ కలిసి ఓట్టోని అందులో పడుకోబెట్టారు. ఇరవై రెండు కిలోల కుక్క. జాకెట్ చేతుల వైపు అతను, కింది అంచు వైపు ఆమె, ఉయ్యాలలా పట్టుకుని లేచారు. రోజీ పట్టీ ఆమె నడుముకి కట్టుకుంది.

అడుగులు కలవకపోతే జాకెట్ ఊగుతుంది, ఊగితే ఓట్టో మూలుగుతుంది. అందుకని ఒకే అడుగు వేస్తూ దిగారు. నాలుగున్నర గంటల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నవి నాలుగే మాటలు. "రాయి." "మెల్లగ." "ఆగండి." "ఊఁ." దారిలో ఒకచోట ఆమె తన శాలువా తీసి అతని భుజాల మీద వేసింది. అతను వద్దనలేదు, చూడనూ లేదు. పళ్ళు టకటకమంటున్నాయి.

చీకటి పడే వేళకి గేటు దగ్గర ఫ్రావ్ ఐగ్నర్ టార్చిలైటుతో నిలబడి ఉంది. డాక్టర్ వచ్చి చూసి, విరగలేదు, బెణికిందన్నాడు. ఆమాట విన్నాక విశ్వతేజ శాలువా మడిచి గేటు మీద పెట్టాడు.

"వస్తానండి," అని వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం అతను రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. కాలికి కట్టుతో ఓట్టో లోపల ఉంది. రోజీ దాన్ని వదిలి ఎక్కువ దూరం నడవనని మొరాయించింది. అక్షయ దాన్ని ఆ వీధి చివర దాకా తిప్పి తెచ్చేది. ఆమె దగ్గర అతని ఫోన్ నంబర్ లేదు. నంబర్ ఇస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి, ఇవ్వలేదు, అడగలేదు.

"అతని అడ్రస్ ఇస్తారా?" అని అడిగింది ఫ్రావ్ ఐగ్నర్‌ని, రెండోవారం.

"ఇవ్వకూడదు. డాటెన్‌షుట్స్," అంది ఆమె. పక్కింటివాళ్ళ పేరు చెప్పాలన్నా జర్మనీలో ముందు వచ్చే మాట అది. ఒకరి వివరాలు ఇంకొకరికి ఇవ్వరాదు. కాని అక్షయ మొహం చూసి మళ్ళీ అంది. "ఈస్టర్ శనివారం ఈ కుక్కలు వెళ్ళిపోతున్నాయి. రేగన్ ఊరి దగ్గర పొలం ఉన్న దంపతులు రెంటినీ తీసుకుంటామన్నారు. ఆ సంగతి తిప్పినవాళ్ళందరికీ రాయడం నా డ్యూటీ. రాస్తాను."

ఆ వారం అక్షయ ఎలా గడిపిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. బుధవారం అమ్మ ఫోన్ చేసి, పక్కింటి శాంతత్త అల్లుడి గురించి అడిగిందని చెబుతుంటే, మొదటిసారి అడ్డుపడింది.

"అమ్మా, ఇగ చాలు. అత్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నలుగురు ఏమంటరో బిడ్డా."

"అననీ. నేను ఇక్కడ ఒక మంచి మనిషికి అబద్ధం చెప్పి చెప్పి..." అని ఆగిపోయింది. అవతల నుంచి సుభద్ర, "ఏడుస్తున్నవా?" అంది. "లేదు," అంది అక్షయ, ముక్కు తుడుచుకుంటూ. "సరే, చెప్త తియ్," అంది అమ్మ.

ఈస్టర్ శనివారం ఆకాశం బూడిదరంగులో కిందికి వేలాడుతోంది. అక్షయ వెళ్ళేసరికి గేటు ముందు ఒక వ్యాన్ ఆగి ఉంది. ఇద్దరు ముసలివాళ్ళు, వెనక సీటు తీసేసి పరిచిన గడ్డి పరుపు. విశ్వతేజ అప్పటికే ఉన్నాడు, ఓట్టో ముందు గొంతుక్కూచుని చెవి వెనక గోకుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. తల ఊపాడు. ఆమె కూడా ఊపింది.

రోజీ ఒక్క గెంతులో ఎక్కింది. ఓట్టోని అతను ఎత్తి దాని పక్కన దింపాడు. ఓట్టో తడుముకుని, రోజీ పొట్ట దొరకగానే అక్కడే చెవి ఆనించి పడుకుంది. వ్యాన్ తలుపు మూసుకుంది. మలుపు తిరిగిపోయింది.

ఫ్రావ్ ఐగ్నర్ కళ్ళు తుడుచుకుని, పట్టీలు తీసుకుని, పిల్లులకి పాలు పొయ్యాలంటూ లోపలికి వెళ్ళిపోయింది. గేటు గడియ పడింది. రోడ్డు మీద ఇద్దరే మిగిలారు.

"కోపమొచ్చిందా?" అంది అక్షయ.

"వచ్చిందండి. మీ మీద కాదు." అతను రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. అంత జాగ్రత్త పడాల్సినంత ఏం కనబడింది ఈ మొహంలో అని."

"మీ మొహం చూడకముందే చెప్పిన ఆ మాట. మాస్కుండె." ఆమె గొంతు సవరించుకుంది. "మీకంటే ముందు ఒకాయన ఉండె. ఒక్కదాన్నే ఉన్న అని తెలిసి..." మెసేజ్‌ల సంగతి చెప్పింది. మొత్తం చెప్పలేదు, సగం చెప్పేసరికే అతని మొహం మారిపోయింది. "అట్ల అలవాటైంది. తర్వాత మీరు మంచోళ్ళని తెలిసింది. అప్పటికే సార్ వచ్చి కూసున్నడు మధ్యల."

విశ్వతేజ తల వంచుకున్నాడు.

"ఒకటడుగుత," అంది ఆమె. "నేను నిజం చెప్పకముందే, పైన బల్ల మీద, ఇగ రానన్నరు. ఎందుకు?"

అతను బూటుతో రోడ్డు పక్క మంచుని అటూ ఇటూ నెట్టాడు.

"గురువారం నుంచే శనివారం కోసం చూడ్డం మొదలైందండి. శుక్రవారం నిద్ర పట్టేది కాదు. పులిహోర కలుపుతూ సార్ డబ్బాలో తక్కువ పెడదామా అనిపించింది ఒకరోజు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పెళ్ళైన ఆవిడ గురించి అలా అనిపిస్తుంటే, మానేయడం కాకపోతే ఏం చేస్తామండి."

"మరి నిజం తెలిసినంక?"

"తెలిశాక ఇంకా రాలేకపోయానండి. ఒక్కరే ఉంటారని తెలిసిన మర్నాడే వచ్చి మీ ముందు నిలబడితే ఏం బావుంటుంది? మీరేమనుకుంటారు?"

ఆమె మూడు వారాలు ఏమేమో అనుకుంది. ఇది మాత్రం అనుకోలేదు. అతను ఏం చేస్తాడోనని భయపడి ఆమె అబద్ధమాడింది. ఆమె అలా భయపడుతుందేమోనని అతను ఊళ్ళోనే ఉండి రాకుండా కూర్చున్నాడు. రెండు గదుల్లో ఇద్దరు మనుషులు, ఒకళ్ళకొకళ్ళు అడ్డం రాకూడదని. అక్షయకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కొండెక్కుదామా?" అంది.

"కుక్కలు లేవు కదండి."

"మనకు కాళ్ళున్నయ్."

ఎక్కారు. లాగేవాళ్ళు లేకపోతే దారి పొడుగ్గా అనిపించింది. పట్టీ పట్టుకునే అలవాటు పోక ఇద్దరి చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఆమె తన కథ చెప్పుకొచ్చింది. పెళ్ళిచూపులు, ఇక్కడికి రావడం, ఒకే ఇంట్లో రెండు నెలలు మాట్లాడుకోకుండా ఉండటం, కోర్టులో జడ్జి "ఇద్దరికీ సమ్మతమేనా" అని అడిగితే ఆ ఒక్క మాటే ఇద్దరూ కలిసి అనడం. ఎవరికీ ఇంత వరసగా చెప్పలేదు. అతను మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. సన్నటి చినుకు మొదలై, పైకి పోయేకొద్దీ మంచుగా మారింది.

అడవి అయిపోయి చెట్లులేని కొండవాలు మొదలయ్యే చోట ఆమె ఆగింది.

"గంతే. ఇగ ఏం లేదు. మీది చెప్పండి."

"నాది చాలా చిన్నదండి," అన్నాడు విశ్వతేజ. "అక్టోబర్‌లో ఈ ఊరొచ్చాను. జనవరి దాకా ఏమీ జరగలేదు."

"తర్వాత?"

"తర్వాతది ఇంకా జరుగుతోందండి."

ఆమె అతని కనురెప్పల మీద మంచు వాలుతుంటే చూస్తూ నిలబడింది. ఏడాదిన్నర నుంచి లోపల బిగబట్టుకున్నదేదో మెల్లగా వదులవుతోంది. అది సంతోషమో, ఇన్నాళ్ళ దిగులు దిగిపోవడమో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవడానికి తొందర కూడా లేదు.

"కిందికెళ్ళిపోదామాండి?" అన్నాడు అతను. "బాగా పట్టేలా ఉంది. తడిసిపోతారు."

"ఈ 'అండి' బంద్ చెయ్ నువ్వు," అంది అక్షయ. "ఇంకొంచెం పైకి పోదాం. నడువు."

అతను నోరు తెరిచి, ఆ మాట చివర వచ్చేదాన్ని కష్టపడి మింగేశాడు. "పద," అన్నాడు.

చలికి ఆమె వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అడుగు వేస్తూ, అడక్కుండానే, తన చెయ్యి తీసి అతని జాకెట్ జేబులో పెట్టింది. అక్కడ అతని చెయ్యి అప్పటికే ఉంది.